మా ఆయన బండికి ఎత్తు హ్యాండిల్

మోటారు సైకిలు అమ్మేస్తానని మా ఆయన అన్న పూట, చేతిలో ఉన్న అన్నం గిన్నెను నేలకేసి కొట్టినంత పనిచేశాను. కొట్టలేదు. కిందపెట్టి, మూత పెట్టి, "అమ్ము. ఎట్ల అమ్ముతవో నేను గూడ చూస్త" అన్నాను. ఆయన బదులు చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు నెలలుగా నా ప్రతి మాటకూ ఆయనిచ్చే జవాబు అదే.

అవి డెబ్భయ్యో దశకం మొదటి సంవత్సరాలు. గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా వైపు గనిని బాయి అనే అంటాం. ఒక పగటి షిఫ్టులో పైకప్పు నుంచి బొగ్గుపెళ్ళ జారి ఆయన నడుం మీద పడింది. నాలుగు నెలలు దవాఖానలో, రొమ్ము దగ్గర్నుంచి తొడలదాకా పిండికట్టులో ఉన్నాడు. ఆ నాలుగు నెలలూ ఆయన మంచం పక్కన నేల మీదే పడుకున్నాను. కట్టు విప్పిన రోజు డాక్టరు, ఎముక బాగా అతికిందనీ, నిటారుగా నడవొచ్చు, కూర్చోవచ్చు గాని ముందుకు వంగడం మాత్రం ఇక కుదరదనీ చెప్పాడు. బాయిలోకి దిగే పని బదులు పైన లాంప్ రూంలో, దిగేవాళ్ళకు దీపాలు అందించే డ్యూటీ ఇస్తామన్నారు.

నేను సంతోషపడ్డాను. మనిషి బతికాడు, నడుస్తున్నాడు, కూర్చుని చేసే పని దొరికింది. ఇంకేం కావాలి? కాని ఇంటికొచ్చిన మనిషి గడప దాటలేదు. డ్యూటీకి ఇవాళ పోతా, రేపు పోతా అని కూడా అనలేదు. తోటి షిఫ్టు వాళ్ళు చూడటానికి వస్తే నిద్రపోతున్నట్టు పడుకునేవాడు. కొన్నాళ్ళకు వాళ్ళూ రావడం మానుకున్నారు. పెళ్ళయిన ఆరేళ్ళలో నేను చూసిన మనిషికీ ఈ మనిషికీ పోలికే లేదు. ఆయన అంతకుముందు ఇంట్లో ఉన్న పూట తక్కువ. సెలవు దొరికితే బండి తీయాల్సిందే.

ఆ బండి గురించి చెప్పాలి. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నాడు. దూర ప్రయాణాల కోసం చేసిన పెద్ద బండి. వెడల్పాటి సీటు, లావుపాటి ట్యాంకు, వెనక రెండు పక్కలా ఇనుప పెట్టెలు. ఎడమ పెట్టెలో నేను రొట్టెలు, ఎల్లిపాయ కారం, నీళ్ళ సీసా పెట్టేదాన్ని. కుడి పెట్టె ఆయన పానాలది, వైర్లది, దాంట్లో నన్ను చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ధర్మపురికి పోయాం, కాళేశ్వరం పోయాం, అడవి దారిన మహారాష్ట్ర వైపు చాందా దాకా పోయి వచ్చాం. నేను వెనక కూర్చుని వాగుతుంటే ఆయన గాలిలో సగం వినబడక "ఆఁ? ఆఁ?" అంటుండేవాడు. నా బతుకులో అంత సుఖం మరొకటి నేనెరగను.

ఆ ఆఫీసరు పడుచువాడు, వేగమంటే సరదా. బండికి ఉన్న హ్యాండిల్ తీయించి పొట్టిగా, పడుకుని ఉండే హ్యాండిల్ వేయించుకున్నాడు. దాన్ని పట్టుకోవాలంటే ట్యాంకు మీదికి బోర్లా వాలాలి. నడుం బాగున్నప్పుడు మా ఆయనకు అదొక షోకు. ఇప్పుడు అదే అడ్డమైంది. అమ్ముతానన్న రోజున, చాలాసేపు గోడవైపే ఉండి చివరికి ఒక మాట అన్నాడు.

"వంగరాని మనిషికి బండెందుకే? బండే ఎక్కలేనోడు డ్యూటీకి ఏం మొఖం పెట్టుకొని పోతడు?"

మూడు నెలల్లో అంత పొడుగు మాట అదొక్కటే. నేను దాన్ని పట్టుకున్నాను. మనిషి వంగకపోతే హ్యాండిల్ లేవాలి, ఇంతే కదా లెక్క. హ్యాండిల్ లేస్తే ఆయన బండెక్కుతాడు, బండెక్కితే గడప దాటుతాడు, గడప దాటితే నా మనిషి నాకు దక్కుతాడు. ఎవరేమన్నా సరే, చేసి తీరాలనుకున్నాను. నా మొండితనం గురించి మా అమ్మ చెప్పుకుని ఏడ్చేది. ఆ రోజుల్లో అది నాకు పనికొచ్చింది.

తొందరపడటానికి ఇంకో కారణం ఉంది. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను వచ్చి బండి చూసి, బాగుందని, మూడు వారాల్లో మళ్ళీ వచ్చి తీసుకుపోతానని మా ఆయన దగ్గర మాట తీసుకుని పోయాడు. అందుకని మర్నాడే నాతో ఇసుక తట్టలు మోసే ఇద్దరు ఆడవాళ్ళను పిలుచుకుని, ముగ్గురం కలిసి ఆ బండిని క్వార్టర్ల నుంచి చౌరస్తాదాకా తోసుకుపోయాం. దారిలో జనం నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒకణ్ణి పిలిచి తోయించాం కూడా.

చౌరస్తా దగ్గర రేకుల షెడ్డులో పనిచేసే మేస్త్రీ ముసలాయన. లారీ నుంచి కుట్టుమిషను దాకా ఏదైనా బాగుచేసేవాడు. మా ఆయన తన బండి మీద చెయ్యి వేయనిచ్చింది ఆయనొక్కణ్ణే. నేను చాచా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను బేటీ అనేవాడు. సంగతి విని గడ్డం గోక్కున్నాడు.

"గిట్లాంటి హాండిలు ఈడ దొర్కది బేటీ. హైదరాబాద్‌ల దొర్కుతదో లేదో గది గూడ తెల్వది."

"దొరకకపోతే చెయ్యి చాచా."

"నేను మంచాలు వంచిన, తలుపుల ఊచలు వంచిన. హాండిలు ఎన్నడు వంచలే."

"మంచం మీద పన్న మనిషి కోసమే గద. వంచు."

ఆయన నవ్వాడు. నవ్వాడంటే ఒప్పుకున్నట్టే. పాత ఇనుప సామాన్ల దుకాణంలో హ్యాండిల్ అంత లావున్న గట్టి పైపు వెతికి పెడతానన్నాడు. నన్ను కొలతలు తెమ్మన్నాడు. కూర్చున్నప్పుడు భుజం ఎంత ఎత్తు, మోచెయ్యి ఎక్కడికి వస్తుంది, పిడికిలి దాకా ఎంత. మనిషినే పంపమన్నాడు గాని ఆ మనిషి వచ్చేట్టుంటే ఇదంతా ఎందుకు?

ఆ మధ్యాహ్నం ఆయన గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తుంటే నేను పురికొస తీసుకుని పక్కన చేరాను. భుజం దగ్గర ఒక ముడి, మోచెయ్యి దగ్గర ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి. నేల నుంచి మోచేతిదాకా కొలుస్తుండగా కళ్ళు తెరిచాడు.

"పాడెకు కొలుస్తున్నవా?"

"హాండిలుకు కొలుస్తున్న. చెయ్యి కదపకు."

కదపలేదు. అలాగే కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఊరుకోవడం నాకు ఒప్పుకోలుగా కనిపించింది, ఆశ ఉన్నవాళ్ళకు అన్నీ అలాగే కనిపిస్తాయి.

ఇక్కడ నా పని గురించి కూడా చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసిన ఘనకార్యం అర్థం కాదు. నేను గోదావరి ఒడ్డున ఇసుక తట్టలు మోసేదాన్ని. బొగ్గు తీసిన చోట భూమి కింద ఖాళీ మిగులుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే పైన నేల కుంగుతుంది. అందుకని గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి, పెద్ద గొట్టాల్లోంచి బాయిలోకి పంపుతారు. నీళ్ళు కారిపోతాయి, ఇసుక దిమ్మెలా నిలబడిపోతుంది. పొడి ఇసుక నిలవదు, జారుతుంది. నీళ్ళు తగిలితేనే ఇసుకకు బలం. ఆరేళ్ళుగా రోజూ చూసిన సంగతి ఇది. ఊళ్ళో ఎవరికైనా ఇసుక గురించి చెప్పగలనని నాకు గర్వంగా ఉండేది.

పైపు దొరికింది. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచాలని మేస్త్రీ చెప్పాడు. ఊరికే వంచితే పైపు వంపు దగ్గర నొక్కుకుపోతుందట. లోపల ఇసుక గట్టిగా నింపి రెండు చివర్లా చెక్క బిరడాలు బిగిస్తే గుండ్రంగా వంగుతుందన్నాడు.

"ఇసుకనా? నాకు చెప్పు చాచా. రేపే తెస్త" అన్నాను.

మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ తట్టెడు సన్న ఇసుక తెచ్చాను. ఆయన నమాజుకు బయల్దేరుతూ, "నేను జల్ది వస్త. నువ్వు నింపుతుండు. గట్టిగ నింపాలె, జర గూడ సందు ఉండొద్దు" అని చెప్పి పోయాడు. నేను నింపాను. పైపును నేలకు తట్టి తట్టి నింపాను. ఎంత తట్టినా కాసేపటికి ఇసుక మళ్ళీ కిందికి దిగుతూనే ఉంది. ఇదేమిటి, ఇసుక పని చేసేదాన్ని నాకు ఇసుక లొంగకపోవడం ఏమిటని రోషం వచ్చింది. కుండలోంచి చెంబుడు నీళ్ళు ముంచి పైపులో పోశాను. ఇసుక గుటకలు వేసి దిగింది. పైన ఇంకో మూడు పిడికిళ్ళు పట్టింది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఇసుక. చివరికి వేలు పెట్టి నొక్కితే రాయిలా ఉంది. బిరడా పెట్టి సుత్తితో దిగగొట్టాను.

మేస్త్రీ వచ్చి పైపు మీద సుత్తితో కొట్టి చూశాడు. బోలు శబ్దం ఎక్కడా లేదు. "శభాష్ బేటీ, నేను గూడ గిట్ల నింపకపోదును" అన్నాడు. నేను పొంగిపోయాను.

కొలిమిలో పెట్టాడు. మా ఊళ్ళో బొగ్గుకు కొదవా, మంట బ్రహ్మాండంగా లేచింది. నేను తిత్తి ఊదుతున్నాను. పైపు మధ్యలో ఎరుపెక్కుతోంది. ఆయన పట్టకారుతో దాన్ని అటూ ఇటూ పొర్లిస్తున్నాడు. అప్పుడు తుపాకీ పేలినట్టు శబ్దమైంది. చెక్క బిరడా ఎగిరి పైన రేకుకు తగిలింది. పైపు కొసలోంచి ఆవిరి, వేడి ఇసుక బుస్సుమని వచ్చి ఆయన ఎడమ చేతి మీద పడ్డాయి. పట్టకారు ఒకవైపు, పైపు ఒకవైపు, ఆయన ఒకవైపు. రోడ్డు మీద జనం పరుగెత్తుకొచ్చారు.

ఆయన చెయ్యి పట్టుకుని కింద కూర్చుని, పైపు కొసనుంచి కారుతున్న బురదను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నీళ్ళు పోసినవా?"

"పొయ్యకపోతే ఎట్ల గట్టిపడ్తది చాచా?"

ఆయన ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలో నన్నూ, ఇసుకనూ, బాయినీ కలిపి తిట్టాడు. అర్థం కాకపోయినా అన్నీ నాకు తగినవేనని తెలుస్తూనే ఉంది. దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించాను. మోచేతి నుంచి మణికట్టు దాకా బొబ్బలు లేచాయి. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ముసలాయన చేతి మీద ఇల్లు గడుస్తుంది, ఆ చెయ్యి కాల్చాను. బిరడా రేకుకు కాక ఆయన ముఖానికి తగిలుంటే అన్న ఆలోచన వచ్చి ఆ రోజు అన్నం సహించలేదు.

మర్నాడు బండిని ఇంటికి తోసుకుపొమ్మంటాడనుకుంటూనే షెడ్డుకు వెళ్ళాను. ఆయన కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"పేలాలు ఎప్పుడన్న ఏయించినవా బేటీ?"

"ఎందుకు ఏయించలే? ఎన్నిసార్లో."

"పేలాలు ఏయించే ఇసుక ఎట్లుంటది?"

పెనం మీద మాడి, చేత్తో పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా జారిపోతుంది. చెమ్మ అన్నది ఉండదు. నేను తల దించుకున్నాను.

"గసొంటి ఇసుక పట్కరా. ఈసారి నువ్వే వంచాలె. నాది ఒక్కటే చెయ్యి" అన్నాడు.

ఆ సాయంత్రం మా క్వార్టర్ ముందర పొయ్యి పెట్టి ఇసుక వేయించాను. పొడుగాటి గరిటెతో కలుపుతూ కూర్చున్నాను. పక్క క్వార్టర్ ఆమె వచ్చి చూసి, మొగుడికి బాగులేక దీనికి మతి పోయిందనుకుందో ఏమో, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. లోపల మంచం మీంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఏం ఏయిస్తున్నవే?"

"ఇసుక."

"ఉప్పు వేసినవా?" అన్నాడు.

గరిటె చేతిలోంచి జారిపోయింది. లోపలికి పరుగెత్తి చూస్తే మళ్ళీ గోడవైపే తిరిగి ఉన్నాడు. అయినా ఆ మాట చాలు. ఆ రెండు ముక్కల కోసం గోదావరిలో ఇసుకంతా వేయించమన్నా వేయించి ఉండేదాన్ని.

రెండోసారి నింపేటప్పుడు మేస్త్రీ పక్కనే నిలబడ్డాడు. చెంబు దగ్గరికి నన్ను పోనివ్వలేదు. పొడి ఇసుకను కొద్దికొద్దిగా పోస్తూ, చిన్న సుత్తితో పైపును చుట్టూ తడుతూ నింపాలి. గంట పట్టింది. బిరడాలు బిగించి, కొలిమిలో పెట్టి, ఎరుపెక్కాక బయటకు తీశాం. షెడ్డు ముందర నేలలో పాతిన రైలు పట్టా ముక్క ఉండేది. దానికి ఆనించి వంచాలి. "లాగు బేటీ! జల్ది! జల్ది! ఆగు!" అని ఆయన అరుస్తుంటే నేను కాళ్ళు తన్నిపట్టి లాగాను. తట్టలు మోసిన చేతులు, అవి లాగగలవు. ఎడమ వంపు, కుడి వంపు, మళ్ళీ కాల్చి చివర్లు వెనక్కి. పురికొస ముడులు పెట్టి చూసుకుంటూ సాయంత్రానికి ముగించాం. ఎడమవైపు ఒక వేలెడు ఎత్తు వచ్చింది. మళ్ళీ కాలిస్తే పైపు బలం పోతుందన్నాడు. ఉండనీ అన్నాను.

అప్పుడు నేనొక పని చేయించాను. తీసేసిన పాత హ్యాండిల్ మూలన పెట్టి ఉంది. దాన్ని మధ్యకు కోసెయ్యమన్నాను.

"జర సోంచాయించు, ఆలోచన చెయ్యి బేటీ. రేపు పొద్దున మీ ఆయన వద్దంటే మళ్ళ ఇదే ఎయ్యాలె."

"గందుకే కొయ్యమంటున్న."

ఆయన నా ముఖం చూశాడు. రంపం నా చేతికిచ్చి పాత హ్యాండిల్ పట్టుకున్నాడు. నేనే కోశాను.

కొత్త హ్యాండిల్ బిగించాక పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. హ్యాండిల్ ఎత్తు పెరిగితే క్లచ్ వైరు, బ్రేకు వైరు, యాక్సిలరేటర్ వైరు అన్నీ పొట్టివైపోయాయి. అటూ ఇటూ లాగి తగిలించాం గాని, స్టార్టు చేసి హ్యాండిల్ ఎడమకు తిప్పగానే యాక్సిలరేటర్ వైరు బిగుసుకుని బండి తనంతట తానే గట్టిగా అరిచింది. రోడ్డు మీద అలా జరిగితే మనిషి పోయినట్టే. మేస్త్రీ లారీకి వేసే పొడుగు వైర్లు తెప్పించి, కొలత ప్రకారం కోయించి, చివర్లు ఊడకుండా తగరం కరిగించి పోయడం నాకు చేసి చూపించాడు. మొదట నేను పోసిన మూడూ ఊడిపోయాయి. నాలుగోది నిలిచింది. ఆయన చెయ్యి కాలినప్పటి నుంచి బండికి కిక్కు కొట్టేదీ నేనే. మొదటి రోజు కిక్కు తిరగబడి పిక్క వాచింది. తర్వాత కిటుకు పట్టుబడింది.

ఆ వైర్ల పని నడుస్తుండగానే బసంత్‌నగర్ మనిషి మా ఇంటికి పోయి, అక్కణ్ణుంచి షెడ్డుకు వచ్చాడు. చెప్పిన దానికంటే నాలుగు రోజులు ముందే వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదేంది, బర్రె కొమ్ములు పెట్టిన్రు? పాత హాండిలు ఏది?"

మూలన ఉన్న రెండు ముక్కలు చూపించాను. అతను వాటిని చూసి, నన్ను చూసి, "గిది నాకెందుకమ్మా" అంటూ వెళ్ళిపోయాడు. నాకు గెలిచినట్టు ఉండాలి. ఉండలేదు. ఇక ఈ బండి కొనేవాడు లేడు. మా ఆయన ఎక్కకపోతే ఇది తుప్పు పట్టాల్సిందే, పాడుచేసినదాన్ని నేనే. అయినా వైరుకు తగరం పోశాను.

ఆదివారం పొద్దున్నే నేనూ మేస్త్రీ బండిని ఇంటికి తోసుకొచ్చాం. గుమ్మం ముందు స్టాండు వేశాం. లోపలికి పోయి, "లే" అన్నాను. ఎందుకని అడగలేదు. బహుశా నా గొంతు అలా ఉండి ఉంటుంది. గోడ పట్టుకుని గడప దాకా వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు బండిని చూశాడు. తర్వాత గడప దాటాడు. చూస్తున్న చుట్టుపక్కల వాళ్ళను నేను కళ్ళతోనే లోపలికి పంపించాను. మేస్త్రీ చాయ్ తాగొస్తానని రోడ్డువైపు నడిచాడు.

కాలు ఎత్తి అవతలికి వేయడానికి కష్టపడ్డాడు. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. కూర్చున్నాడు. చేతులు చాపాడు. పిడికిళ్ళు సరిగ్గా హ్యాండిల్ కొసల మీద పడ్డాయి. వీపు నిటారుగా ఉంది, మోచేతులు హాయిగా మడతపడి ఉన్నాయి, ఎక్కడా వంగలేదు. పురికొస అబద్ధం చెప్పలేదు.

"ఎడమ పక్క ఒక వేలు ఎత్తున్నది" అన్నాడు.

"ఎర్కే. ఎట్లున్నది?"

"మంచిగున్నది."

క్లచ్ నొక్కి వదిలాడు, బ్రేకు నొక్కి వదిలాడు. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాడు. నేను కిక్కు దగ్గర కాలు పెట్టి నిలబడ్డాను. ఆయన ఇక కొట్టమంటాడని చూస్తున్నాను. ఆయన చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నడుం గాదే" అన్నాడు.

"మరేంది?"

"భయం."

ఇన్నాళ్ళూ నేను వంచింది, కోసింది, కాల్చింది అంతా నడుం కోసం.

"మల్ల పడితే?" అన్నాడు, ట్యాంకువైపు చూస్తూ. "దవాఖానల నాలుగు నెలలు నా కింది గుడ్డలు నువ్వే తీసినవ్. నేను నిద్రపోయినట్టు కండ్లు మూసుకునేటోణ్ణి. ఒక్కనాడు గూడ నిద్ర లే. మల్ల గట్ల పండాల్నంటే నాతోని గాదు. నీ మొఖం ఎట్ల చూడాలె నేను?"

నాకు కోపమొచ్చింది. ఏడుపుతో పాటే వచ్చింది. వీధి వినేట్టు అరిచాను.

"తీసిన. మల్ల పడితే మల్ల తీస్త. గది నాకు కష్టమనిపియ్యలే. ఇంటికొచ్చినంక ఇన్ని నెలలు నాకు వీపు చూపెట్టుకుంట పన్నవ్ చూడు, గది కష్టమైంది. గుడ్డలైతే పిండి ఆరేస్త. వీపును ఏం జెయ్యాలె నేను?"

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. అంత దగ్గర్నుంచి సూటిగా చూసి ఎన్నాళ్ళయిందో. చివరికి ఆయన రెండు చేతులూ మళ్ళీ హ్యాండిల్ మీద పెట్టాడు.

"కొట్టు" అన్నాడు.

మూడో కిక్కుకు అందుకుంది. స్టాండు మీంచి దించి, ఇంటికి గొళ్ళెం పెట్టి వచ్చి వెనక ఎక్కాను. ఎక్కాక చేతులెక్కడ పెట్టాలో తోచలేదు. ఇదివరకు నడుం చుట్టూ వేసుకునేదాన్ని. ఇప్పుడు సీటు వెనకున్న ఇనుప కమ్మీని పట్టుకున్నాను. ఆయన బండి కదిలించలేదు.

"నడుం పట్టుకో."

"వద్దు. నొస్తది."

"నొస్తే చెప్త గదా" అన్నాడు.

పట్టుకున్నాను. ఆయన క్లచ్ వదిలాడు.